కలగలుపు ప్లాస్టిక్కు దారేది? – కామాటిపుర గల్లీ నుండి ప్రయోగశాల దాకా

ముంబైలో గ్రాంట్ రోడ్డుకూ ముంబై సెంట్రల్ స్టేషనుకూ చేరువలో ఉన్న కామాటిపురలో పాతకాలపు చాళ్లు వీపుకు వీపు ఆనించినట్లు నిలబడి ఉంటాయి. రెండు చాళ్ల వెనుక గోడల మధ్య ఒక మనిషి ఒదిగి నడవగలిగినంత సందు మాత్రమే మిగులుతుంది. మురుగు గొట్టాలు, వాననీటి గొట్టాలు అన్నీ దానిలోకే దిగుతాయి. పారిశుద్ధ్య కార్మికులు లోనికి వెళ్లి శుభ్రపరచడానికి వీలుగా వదిలిన ఆ సందును ముంబై వాసులు ‘హౌస్ గల్లీ’ అంటారు. పై అంతస్తుల కిటికీలు కూడా అటే తెరుచుకోవడంతో కాలక్రమంలో అది చెత్తకుండీగా మారింది. వానాకాలానికి ముందు నగరపాలక సంస్థ కార్మికులు ఆ సందులోకి దిగి పారలతో, చేతులతో చెత్తను పైకి లాగుతారు. ఏటా జరిగే తంతే ఇది.

అలా బయటపడే చెత్తలో ఎరువుగా మారగల కూరగాయల తుక్కు కంటే కళ్లకు ముందుగా కనిపించేది ప్లాస్టిక్. పాల ప్యాకెట్టు, షాంపూ పొట్లం, బిస్కట్ల కవరు, చట్నీ కట్టించుకువచ్చిన పలుచని సంచి, మందుబిళ్లల పట్టీ, నీళ్ల సీసా, దాని మూత – ఇవన్నీ మురుగులో నాని, ఒకదానికొకటి చుట్టుకొని ముద్దగా వస్తాయి. పాతసామాన్ల వ్యాపారి, ముంబై మాటలో భంగార్‌వాలా, ఆ ముద్దను ఊరికే ఇచ్చినా తీసుకోడు. అదే సామాను ఇంట్లో పొడిగా, విడివిడిగా ఉన్ననాడు దానిలో పాల ప్యాకెట్టుకూ సీసాకూ ధర పలికేది. కిటికీలోంచి జారిన ఆ క్షణంలో పోయిన విలువ అంతా కలగలిసిపోవడం వల్ల పోయిందే. ప్రపంచంలోని పెద్ద పెద్ద పాలిమర్ ప్రయోగశాలలు ఈనాడు తలపట్టుకొని కూర్చున్నది కూడా సరిగ్గా ఈ సమస్య దగ్గరే.

కామాటిపుర పేరులోనే తెలుగువారి చెమట ఉన్నది. 18వ శతాబ్దం చివరి నుండి నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుండి కూలీలుగా, మేస్త్రీలుగా తరలివెళ్లినవారిని ముంబైలో కామాఠీలు అన్నారు. వారు స్థిరపడిన బస్తీకి ఆ పేరే నిలిచింది. రోడ్లు వేసిన, భవనాలు కట్టిన చేతుల వెనుకే మగ్గం తెలిసిన చేతులు వెళ్లి బట్టల మిల్లుల్లో చేరాయి. జోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమానికి అండగా నిలిచినవారిలో ముంబై తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారన్న సంగతి మహారాష్ట్రలో కొందరికి గుర్తున్నది గాని తెలుగునాట చాలామందికి తెలియదు. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడగా, ఆ కుటుంబాల తర్వాతి తరం చిన్నాచితకా పనుల్లోకి మళ్లింది. బయటి పత్రికలు ఈ పేటను ఒకే ఒక్క వృత్తితో ముడిపెట్టి రాయడం అలవాటు చేసుకున్నాయి. సరిహద్దు జిల్లాల పల్లెల్లో ముంబైకి వెళ్లిన బంధువు లేని ఇల్లు అరుదు కనుక, ఇక్కడి పాఠకులకు ఆ పేటలో బతుకమ్మ పేర్చే ఇళ్లూ తెలుసు.

ఆ పేటనంతా పడగొట్టి కొత్తగా కట్టాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో నిర్ణయించి, గృహనిర్మాణ సంస్థ ‘మ్హాడా’కు ఆ బాధ్యత అప్పగించింది. చాళ్లు పోయి బహుళ అంతస్తుల మేడలు వస్తాయి. హౌస్ గల్లీలు మాయమవుతాయి. అక్కడి చెత్త మాత్రం మాయం కాదు. ఆ చెత్త కొత్త మేడల్లో ఏ దారి పడుతుందన్న ప్రశ్నను ఇప్పుడే వేసుకోవలసిన అవసరం ఇందువల్లనే కలుగుతున్నది.

ఏడు అంకెలు, ఏడు స్వభావాలు

గేయర్, జాంబెక్, లా అనే ముగ్గురు పరిశోధకులు 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం, 2015 నాటికి ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. వ్యర్థంగా మారినదానిలో రీసైకిల్ అయినది 9 శాతం మాత్రమే. 12 శాతం కాలిపోయింది. మిగిలిన 79 శాతం చెత్తదిబ్బల్లోనో, నేలమీదో, నీటిలోనో ఉన్నది. భారతదేశంలో 2020–21 సంవత్సరంలో వెలువడిన ప్లాస్టిక్ వ్యర్థం సుమారు 41 లక్షల టన్నులని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కగట్టింది. ప్లాస్టిక్ కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం కోసం 2022 మార్చిలో నైరోబీలో తీర్మానం జరిగింది. ఆపై 2024 చివరలో బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో దేశాలు సమావేశమై కూడా ఒక మాట మీదికి రాలేకపోయాయి. ఉత్పత్తికే పరిమితి పెట్టాలని కొన్ని దేశాలు, వ్యర్థాల నిర్వహణ చాలునని చమురు దేశాలు పట్టుబట్టడమే దానికి ముఖ్య కారణం. వ్యర్థాల నిర్వహణ చాలుననేవారు ఆ 9 శాతం అంత తక్కువగా ఎందుకున్నదో ముందు వివరించవలసి ఉంటుంది.

వివరణ సీసా అడుగున ఉన్నది. అక్కడ బాణాల త్రికోణంలో 1 నుండి 7 వరకు ఏదో ఒక అంకె అచ్చయి ఉంటుంది. నీళ్ల సీసా 1, అంటే పెట్. షాంపూ డబ్బా 2, గట్టి పాలిథీన్. మందుబిళ్లల పట్టీలో సాధారణంగా వాడేది 3, పీవీసీ. పాల ప్యాకెట్టు 4, మెత్తని పాలిథీన్. సీసా మూతలు, టిఫిన్ డబ్బాలు చాలావరకు 2 లేదా 5, అంటే గట్టి పాలిథీన్ లేదా పాలిప్రొపిలీన్. తెల్లని థర్మోకోల్ 6, పాలిస్టైరీన్. వీటిలో ఇమడనివన్నీ, అంటుపొరలతో సహా, 7. పలుచని కవర్ల మీద తరచుగా ఏ అంకే ఉండదు. ఉన్నా మురుగులో నానిన తర్వాత కనిపించదు.

వీటిని ఒకే కొలిమిలో వేసి కరిగించవచ్చు కదా అని అమాయకంగా అడిగేవారుంటారు. పాలిథీన్ 110 నుండి 130 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. పాలిప్రొపిలీన్‌కు 160 దాటాలి. పెట్‌కు 250 కావాలి. ఆ వేడికి పీవీసీ కరగకపోగా విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వదులుతుంది. పెట్ ముక్కల్లో కాస్త పీవీసీ పడినా మొత్తం నల్లబడి చెడిపోతుంది. కుండెడు పాలకు ఉప్పుగల్లు చాలునన్నట్లు, ఒక్క మందుబిళ్లల పట్టీ చేసే నష్టం దాని బరువుకు ఎన్నో రెట్లు.

వేడి సంగతి సరిచేసుకున్నా ఇంకొక చిక్కు మిగులుతుంది. పాలిథీన్, పాలిప్రొపిలీన్ దాయాదులవంటివి. రెండూ కర్బనం, ఉదజని తప్ప మరొకటి ఎరుగవు. అయినా కరిగించి కలిపితే కలవవు. దీనికి కారణం వాటి పొడవు. గుప్పెడు ఆవాలు, గుప్పెడు మెంతులు ఒక డబ్బాలో వేసి కుదిపితే ఇట్టే కలిసిపోతాయి. అవే ఆవాలను వేలకొద్దీ ఒక దారానికి, మెంతులను మరొక దారానికి గుచ్చి కుదిపితే ఏ దండకు ఆ దండ ఉండచుట్టుకొని పక్కన కూర్చుంటుంది. చిన్న అణువులను కలిపే సహజమైన చిందరవందరతనం పొడవైన గొలుసుల విషయంలో దాదాపు పనిచేయదు. ఈ లెక్కను 1940ల తొలినాళ్లలో తేల్చినవారిలో ఒకరైన పాల్ ఫ్లోరీకి పాలిమర్ శాస్త్రంలో ఆయన చేసిన కృషికిగాను 1974లో నోబెల్ బహుమతి వచ్చింది. కలగలుపు ప్లాస్టిక్‌తో పోత పోసిన బకెట్టు చూడటానికి బకెట్టులాగే ఉంటుంది గాని, లోపల ఒక ప్లాస్టిక్ సముద్రంలో మరొక ప్లాస్టిక్ దీవులుగా ఉంటుంది. బరువు పడగానే ఆ దీవుల ఒడ్డున పగులు మొదలవుతుంది. చవకరకం బకెట్టు చెవి ఊడిరావడం వెనుక చాలాసార్లు ఉన్నది ఈ భౌతికశాస్త్రమే.

ఈ శాస్త్రాన్ని పుస్తకం లేకుండా నేర్చుకున్నవారు ముంబైలో వేలమంది ఉన్నారు. నగరపు పొడి చెత్తకు పెద్ద మజిలీ అయిన ధారావి 13వ కాంపౌండులో కార్మికులు ముక్కను వేలితో మీటి ధ్వనినిబట్టి, విరిచి చూసి, అంచు కాల్చి వాసన చూసి జాతి చెబుతారు. నీటిలో వేస్తే పాలిథీన్, పాలిప్రొపిలీన్ తేలుతాయి, పెట్, పీవీసీ మునుగుతాయి. ఉప్పు బాగా కలిపిన నీటిలో గట్టి పాలిస్టైరీన్ కూడా తేలుతుంది. వేరుచేసినదాన్ని ముక్కలు చేసి, కడిగి, కప్పుల మీద ఆరబెట్టి, కరిగించి, ‘దానా’గా, అంటే గుళికలుగా, మార్చి అమ్ముతారు. మనదేశపు రీసైక్లింగ్ గురించి ఎవరు ఏ సభలో గొప్పగా చెప్పుకున్నా దాని అడుగున ఉన్నది ఈ చేతుల పనే. ఆ చేతులు కూడా చేతులెత్తేసే సరుకు ఒకటున్నది. అది పొరల కవరు. షాంపూ పొట్లంలో, చిప్స్ కవరులో రెండు మూడు రకాల ప్లాస్టిక్ పొరలు, కొన్నింటిలో అల్యూమినియం పూత, బంకతో అతికించి ఉంటాయి. దాన్ని మీటినా, కాల్చినా, నీటిలో వేసినా విడదీసేది లేదు. పైగా ఖాళీ పొట్లం బరువు సుమారు గ్రాము. కిలో కావాలంటే వెయ్యి ఏరాలి. ఏరినా కొనేవాడు లేడు.

అతుకు వేసే అణువులు

పదార్థ విజ్ఞాన పరిశోధన ప్రవేశించేది ఇక్కడ. 2017లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ కోట్స్, మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ బేట్స్ బృందాలు ‘సైన్స్’ పత్రికలో ఒక ఫలితాన్ని ప్రకటించాయి. వారు తయారుచేసిన కొత్త గొలుసులో ఒక ఖండం పాలిథీన్, తర్వాతి ఖండం పాలిప్రొపిలీన్, మళ్లీ పాలిథీన్, మళ్లీ పాలిప్రొపిలీన్. దీన్ని కొద్దిగా, నూటికి ఒక పాలు వరకు, రెండు ప్లాస్టిక్కుల మిశ్రమంలో కలిపితే పాలిథీన్ ఖండాలు పాలిథీన్ వైపు, పాలిప్రొపిలీన్ ఖండాలు అటువైపు దిగి స్ఫటికాలతో పెనవేసుకున్నాయి. పద్మశాలీలకు చెప్పాలంటే, అంచులు కలవని రెండు గుడ్డల నడుమ కుట్టు పడింది. పెళుసుగా విరిగే మిశ్రమం సాగే గట్టి పదార్థమయింది. ప్రపంచంలో తయారయ్యే ప్లాస్టిక్‌లో ఈ రెంటి వాటా అత్యధికం కనుక ఆ వార్తకు అంత ప్రాధాన్యం లభించింది.

మరొక అడుగు 2023లో పడింది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయపు యూజీన్ చెన్, కొలంబియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు కలిసి ‘నేచర్’లో ప్రకటించిన పద్ధతిలో కుట్టుదారాన్ని ముందుగా తయారుచేసి తేవలసిన పనిలేదు. చిన్న అణువులను కరిగిన మిశ్రమంలోనే వేస్తారు. అవి వేరు వేరు జాతుల గొలుసులను అక్కడికక్కడే పట్టి ముడివేస్తాయి. వేడికి ఆ ముళ్లు విడిపోయి మళ్లీ పడగలవు కనుక పదార్థాన్ని తిరిగి పోతపోయవచ్చు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 2020లో వెల్లడించిన దారి దీనికి పూర్తిగా భిన్నం. పొరల కవరును వరుసగా ఒక్కొక్క ద్రావణిలో నానబెట్టి, ఒక్కొక్క పొరనూ కరిగించి, వేరుగా వెలికితీస్తారు. మొదటి రెండు పద్ధతులు కలవనివాటిని కలిపితే, ఇది కలిపినవాటిని విడదీస్తుంది.

ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే పత్రికల్లో వచ్చే శీర్షికలు చదివి ఇక చెత్త వేరుచేయనవసరం లేదని భావించడం పొరపాటు. ప్రయోగశాలలో కలిపిన రెండు ప్లాస్టిక్కులు శుభ్రమైనవి, ఏవి ఎంతెంతో తెలిసినవి. కామాటిపుర ముద్దలో నూనె, ఇసుక, సిరా, రంగు, ఎవరూ రాసిపెట్టని సంకలిత రసాయనాలు ఉంటాయి. కుట్టుదారం ఏ రెండు గుడ్డలకు తయారైనదో ఆ రెంటికే పనికివస్తుంది. మూడోదిగా పీవీసీ వచ్చిపడితే అది నిరుపయోగం. పైగా ప్లాస్టిక్ కరిగినప్పుడల్లా దాని గొలుసులు కొంత తెగుతాయి, లేదా అడ్డదిడ్డంగా ముడిపడతాయి. ఎంత మంచి అతుకైనా అరిగిన గుడ్డను కొత్తది చేయలేదు.

ఇండొనేషియా అనుభవం దీనికి సాక్ష్యం. పొట్లాల నుండి ద్రావణితో పాలిథీన్ తీసే కర్మాగారాన్ని ఒక బహుళజాతి సంస్థ అక్కడ ప్రయోగాత్మకంగా నెలకొల్పింది. రసాయన పద్ధతి పనిచేసింది. పొట్లాలను సేకరించి, వేరుచేసి, కడిగి తెచ్చే ఖర్చు మాత్రం గిట్టుబాటు కాలేదు. కొద్దికాలానికే ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఈ విషయాన్ని 2021లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది.

మనదేశంలో అమల్లోకి వచ్చిన దారులను చూసినా ఇదే కనిపిస్తుంది. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ వేడి కంకర మీద ప్లాస్టిక్ ముక్కల పూత వేసి, తారు కలిపి రోడ్డు వేసే పద్ధతిని రూపొందించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది. ఆ కంకరకు పాలిథీన్, పాలిప్రొపిలీన్, పాలిస్టైరీన్ పనికివస్తాయి. పీవీసీ వేయరాదు. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థలో 2019 ఆగస్టులో ప్రారంభమైన కర్మాగారం టన్ను ప్లాస్టిక్ నుండి సుమారు 800 లీటర్ల డీజిలు తీయగలదని ప్రకటించారు. దానికీ పాలిథీన్, పాలిప్రొపిలీన్ వంటివే కావాలి. పీవీసీ పడితే ఆమ్లం యంత్రాన్ని తింటుంది, పెట్ పడితే నూనె తగ్గుతుంది. రోడ్డు వేసినా, నూనె తీసినా, అతుకు వేసినా, పొరలు ఒలిచినా మొదటి పని ఎవరో ఒకరు కూర్చొని మందుబిళ్లల పట్టీని పక్కకు తీయడమే. మనదేశంలో ఆ పని చేసే చేతులు ఎవరివో తెలిసిందే.

వేరుచేసే చేతులకు దక్కేదేమిటి?

చట్టాల వైపు చూస్తే కొరత కనిపించదు. 2005 జూలై 26న ముంబై 944 మిల్లీమీటర్ల వానలో మునిగినప్పుడు కాలువలకు అడ్డుపడిన సంచులమీద నింద పడింది, ఆంక్షలు వచ్చాయి. 2018 మార్చిలో మహారాష్ట్ర ఇంకా విస్తృతమైన నిషేధం తెచ్చింది. తయారీ దశలోనే సరుకును చుట్టే కవర్లకు మాత్రం మినహాయింపు దొరికింది. 2022 జూలై 1 నుండి దేశమంతటా అమలైన నిషేధంలో స్ట్రాలు, చెంచాలు, ఇయర్‌బడ్స్ పుల్లలు ఉన్నాయి. షాంపూ పొట్లం లేదు. సంచిమీద చూపిన పట్టుదల కంపెనీల పొట్లంమీద ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు. అయితే అవే పొట్లాలు రోజుకూలీ మీద బతికే ఇంటికి, సీసా కొనలేని ఇంటికి సౌకర్యమన్న సంగతీ మరువరాదు. రూపాయి పొట్లం కొనే కామాటిపుర గృహిణిని దోషిగా నిలబెట్టడం అన్యాయం.

2022 ఫిబ్రవరిలో కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు ఉత్పత్తిదారుల బాధ్యతను గట్టిపరిచాయి. ప్లాస్టిక్ కవరు మార్కెట్‌లోకి వదిలిన సంస్థే దాన్ని తిరిగి రాబట్టి రీసైకిల్ చేయించాలి. 2025–26 నుండి కొత్త ప్యాకింగులో పాత ప్లాస్టిక్ కొంత వాడితీరాలని కూడా లక్ష్యాలు పెట్టారు. గట్టి డబ్బాలకు 30 శాతంతో మొదలు, పలుచని ఒంటిపొర కవర్లకు 10, పొరల కవర్లకు 5. ఈ అంకెల్లోనే శాస్త్రం ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తున్నది. గట్టి డబ్బాకు తెలిసిన దారి పొరల కవరుకు తెలియదు. రీసైకిల్ చేయలేనిదాన్ని రోడ్లకో, నూనెకో, సిమెంటు కొలిమికో పంపి లెక్క ముగించుకునే వెసులుబాటు కూడా ఆ మార్గదర్శకాలే ఇచ్చాయి. కొలిమికి వేరుచేత బాధ అంతగా లేదు. అందువల్ల పరిశోధన ఎంత ముందుకు సాగినా, కొలిమి చవకగా ఉన్నంతకాలం దాని ఫలితాన్ని కొనేవారుండరన్న భయం నిరాధారమైనది కాదు.

లక్ష్యం నెరవేరిందనడానికి రుజువు ధ్రువపత్రం. రీసైకిల్ చేసిన కర్మాగారం ధ్రువపత్రం ఇస్తుంది, కంపెనీ దాన్ని కొంటుంది. 2023లో కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేసినప్పుడు కొద్ది సంస్థలే లక్షల సంఖ్యలో నకిలీ ధ్రువపత్రాలు పుట్టించినట్లు బయటపడింది. కాగితం మీద రీసైకిల్ అయిన ప్లాస్టిక్ హౌస్ గల్లీలోనే ఉన్నదన్నమాట. అసలు ధ్రువపత్రాల విషయంలోనూ ఒక ప్రశ్న ఉన్నది. ఆ డబ్బు కర్మాగారం దగ్గర ఆగిపోతున్నది. గల్లీలో ఏరినవారికి, ఉప్పునీటిలో చేతులు పెట్టి వేరుచేసినవారికి అది చేరే మార్గం ఆ పత్రంలో రాసిలేదు.

మరొక రకంగా జరగవచ్చునని చూపిన ఉదాహరణలు లేకపోలేదు. 1975లో ఏర్పడిన స్త్రీ ముక్తి సంఘటన ముంబైలో చెత్త ఏరే మహిళలను సంఘటితపరచి, 1998 నుండి పరిసర వికాస్ పేరిట వారికి శిక్షణ ఇచ్చింది. హైదరాబాదులో 2013లో మొదలైన బన్యన్ నేషన్ పాతసామాన్ల వ్యాపారుల నుండే సరుకు తీసుకొని, సిరా, లేబుళ్ల బంక, రంగు పోయేలా శుభ్రపరచి, పాలిథీన్, పాలిప్రొపిలీన్ గుళికలను తయారుచేస్తున్నది. ఆ గుళికలు పెద్ద కంపెనీల షాంపూ సీసాల్లోకి, కార్ల భాగాల్లోకి వెళుతున్నాయి. కొత్త ప్లాస్టిక్‌తో పోటీపడగల నాణ్యత పాతసామాన్ల దుకాణం నుండి వచ్చిన సరుకుతో సాధ్యమేనని రుజువైంది. పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల 2021లో కంపెనీలతో కలిసి కోవిడ్ నాటి పీపీఈ కిట్లను క్రిమిరహితం చేసి పనికివచ్చే వస్తువులుగా మార్చి చూపింది. ఆ కిట్లు ఎక్కువగా ఒకే జాతి ప్లాస్టిక్ కావడం, ఆసుపత్రుల నుండి విడిగా రావడం ఆ పనిని సుగమం చేశాయి. సరుకు ఏమిటో ముందే తెలిసిన రెండు చోట్లా పని జరిగిందని గమనించాలి.

కనుక పరిశోధనను అడగవలసినది అతుకు అణువు ఒక్కటే కాదు. నిప్పంటించి వాసన చూసే కార్మికుడి ముక్కులోకి పోయే పొగలో పీవీసీ ఉన్నప్పుడు క్లోరిన్ విషాలుంటాయి. ఆ పనికి ప్రత్యామ్నాయంగా, కంటికి కనిపించని పరారుణ కాంతిని ముక్కమీద పడేసి, తిరిగి వచ్చిన కాంతినిబట్టి జాతి చెప్పే పరికరాలున్నాయి. పెద్ద కర్మాగారాల్లో అవి కోట్ల ఖరీదు యంత్రాలు. నెదర్లాండ్స్‌కు చెందిన జెర్రీ డి వోస్ అదే సూత్రంతో చేతిలో ఇమిడే చవక పరికరాన్ని రూపొందించి, దాని నమూనాను ఎవరైనా తయారుచేసుకునేలా బహిరంగంగా ఉంచగా, 2021లో దానికి జేమ్స్ డైసన్ పర్యావరణ పురస్కారం లభించింది. నల్లని ప్లాస్టిక్ ఈ కాంతిని మింగివేస్తుంది కనుక దాన్ని అది గుర్తించలేదు. పలుచని పొరల కవరు దగ్గరా తడబడవచ్చు. అయినా భంగార్ దుకాణంలో అగ్గిపుల్ల స్థానంలో అటువంటిది ఒకటుంటే, వేరుచేసిన సరుకు జాతిని కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. ఏ జాతి ఎంత ఉన్నదో రాసి ఉన్న మూటకు అతుకు అణువు పనికివస్తుంది, మంచి ధరా వస్తుంది. అనుభవంతో వచ్చిన నేర్పుకు రుజువు తోడైతే వేరుచేసేవారు ధర అడిగే స్థితికి వస్తారు. నేర్పున్నవారిని పక్కనబెట్టి యంత్రాన్నే తెచ్చి కూర్చోబెట్టే ప్రమాదమూ లేకపోలేదు. ఆ పరికరం ఎవరి చేతిలో ఉంటుందన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది.

కవరు తయారీదారులు చేయవలసినదీ ఉన్నది. మూడు జాతుల పొరలకు బదులు ఒకే జాతి పాలిథీన్‌తో పొరలు వేసే పద్ధతులు వచ్చాయి. తేమను, గాలిని ఆపడంలో అవి అల్యూమినియంకు సరితూగవు గాని, వారం రోజుల్లో వాడేసే షాంపూకు అంత కోట అవసరమా అన్నది ఆలోచించవలసినదే. చెత్తను విడదీయడానికి వెచ్చించే మేధలో కొంత, విడదీయనవసరం లేని కవరు మీద వెచ్చిస్తే అది మరింత చవక.

మళ్లీ కామాటిపుర దగ్గరికి వస్తే, కొత్త మేడల నమూనాల గురించి జరుగుతున్న చర్చ అంతా గది ఎన్ని చదరపు అడుగులు, పగిడీ అద్దెదారుకు ఏమి దక్కుతుంది, దుకాణానికి ఎక్కడ చోటు అన్న వాటి చుట్టే తిరుగుతున్నది. అది సహజం. తరతరాలుగా పది అడుగుల గదిలో బతికినవారికి ముందు కావలసింది ఇల్లే. అయితే పునర్నిర్మాణం జరిగిన పేటల్లో పాతసామాన్ల దుకాణానికి, చెత్త వేరుచేసే చోటుకు స్థానం దొరకడం కష్టం. ధారావి పునర్నిర్మాణంలోనూ 13వ కాంపౌండు భవితవ్యం గురించి అక్కడివారి ఆందోళన ఇదే. అంతస్తు అంతస్తు నుండి చెత్త జారే ఒకే గొట్టం పెట్టి మేడ కడితే, హౌస్ గల్లీకి సిమెంటు తొడిగినట్లే అవుతుంది. పాల ప్యాకెట్టు, పట్టీ, పొట్లం, సీసా మళ్లీ ఒకే ముద్దగా కిందికి దిగుతాయి.

తడి, పొడి చెత్తను ఇంట్లోనే విడదీయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. కొత్త మేడల్లో ప్రతి సముదాయానికి పొడి చెత్త వేరుచేసే ఒక గది, దానికి నీటి తొట్టి, గాలి వెలుతురు, అక్కడ పనిచేసేవారికి గుర్తింపు కార్డు ఇమ్మని అద్దెదారుల సంఘాలు గోడలు లేవకముందే మ్హాడాను అడగవచ్చు. ఆ పేటలో ఇప్పటికే చెత్త ఏరి బతుకుతున్నవారికే ఆ గది అప్పగించమనీ అడగవచ్చు. నమూనాల మీద గీతలు మార్చడం కాగితం మీద ఉన్నప్పుడే తేలిక.